కారు డోరులో నీళ్లు నిలిస్తే: వదిలేయాలా, తూము తెరవాలా, ప్యాడ్ విప్పాలా?

వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే కారు డోరు వేస్తుంటే లోపల్నుంచి గలగలమని నీళ్ల చప్పుడు. బ్రేకు వేస్తే ముందుకి, యాక్సిలరేటర్ తొక్కితే వెనక్కి ఏదో తొణుకుతున్నట్టు వినిపిస్తుంది. మొదటిసారి విన్నవాళ్లెవరికైనా టెన్షన్ పుడుతుంది. నలుగురిని అడిగితే నాలుగు మాటలు చెబుతారు. అదే ఆరిపోతుంది వదిలెయ్ అని ఒకరు, కింద చిన్న చిల్లు పెట్టించు అని ఇంకొకరు, పైన రబ్బరు పాడైంది మార్పించు అని మరొకరు. అందరూ మన మంచి కోరే చెబుతారు. కానీ ఒక కారుకి పనిచేసిన మందు ఇంకో కారుకి పనిచేయకపోవచ్చు. ఈ సలహాల్లో కొన్ని డోరుకి చేటు కూడా చేస్తాయి.

నా అనుభవం ముందు చెబుతాను. నా కారు ఎడమవైపు వెనక డోరుకి సొట్ట పడితే టింకరింగ్, పెయింటింగ్ చేయించాను. రంగు చక్కగా కలిసింది. ఆ తర్వాత పడిన మొదటి వానకే ఆ డోరులో నీళ్లు నిలిచాయి. రబ్బరు పట్టీని అనుమానించి కొత్తది వేయించాను, తేడా లేదు. రెండు నెలలయ్యాక నేల మీద పడుకుని డోరు అడుగున చూస్తే అప్పుడు తెలిసింది: నీళ్లు బయటికి పోయే రంధ్రాలు సీలెంటుతో, రంగుతో పూడుకుపోయి ఉన్నాయి. వాటిని తెరవడానికి ఐదు నిమిషాలు పట్టింది. ఈలోగా కింది అంచున తుప్పు మొదలైంది. మొదటి రోజే సరైన చోట చూసి ఉంటే ఆ తుప్పు పట్టేది కాదు. మీకు ఆ ఆలస్యం జరగకూడదనే ఇదంతా రాస్తున్నాను.

## నీళ్లు లోపలికి రావడం లోపం కాదు

డోరులో అద్దం కిందికి దిగాలి, పైకి రావాలి. కాబట్టి అద్దానికీ బయటి రేకుకీ మధ్య సందుని పూర్తిగా మూసేయడం కుదరదు. అక్కడుండే నల్లటి రబ్బరు పట్టీ (మెకానిక్కులు బీడింగ్ అంటారు) అద్దం మీది నీటిని చాలావరకు తుడిచి బయటికే పంపుతుంది. మిగిలింది అద్దం వెంట లోపలికి జారుతుంది. కార్లు తయారుచేసేవాళ్లకి ఈ సంగతి తెలుసు కాబట్టే డోరుని రెండు గదుల్లా కడతారు.

బయటి రేకు వైపుది తడి గది. అద్దం, దాన్ని ఎత్తి దించే యంత్రం, లాక్ ఇందులో ఉంటాయి. పైనుంచి జారే వాన తడిని తట్టుకునేలానే వాటిని తయారుచేస్తారు. మనం మోచేయి ఆనించే ప్యాడ్ వైపుది పొడి గది. స్విచ్చులు, ప్యాడ్ గుడ్డ, దాని వెనక స్పాంజి ఇటువైపు ఉంటాయి. రెండు గదులకీ మధ్య గోడ లాగా పల్చటి ప్లాస్టిక్ షీటు గానీ ఫోమ్ షీటు గానీ జిగురుతో అతికించి ఉంటుంది. తడి గదిలోకి వచ్చిన నీళ్లు రేకు వెంట కిందికి జారి, డోరు అడుగు అంచున ఉన్న చిన్న రంధ్రాల్లోంచి నేల మీద పడిపోతాయి.

డాబా మీద తూము చేసే పనే ఆ రంధ్రాలు చేస్తాయి. డాబా మీద వాన పడకుండా ఆపలేం, తూము తెరిచి ఉంటే చాలు. ఆకులూ మట్టీ చేరి తూము పూడితే డాబా చెరువవుతుంది. డోరు సంగతీ అంతే. అందుకే ఇక్కడ ఆ రంధ్రాలని తూములనే అంటాను. నీళ్లు ఎలా వచ్చాయని వెతికేవాళ్లు పై రబ్బరు దగ్గరే ఆగిపోతారు. ఎందుకు బయటికి పోలేదని వెతికితే చూపు నేరుగా తూముల మీదికి వెళ్తుంది.

## ఏ దారి పట్టాలో తేల్చే విషయాలు

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది, నీళ్లు తడి గదిలోనే ఉన్నాయా లేక గోడ దాటి పొడి గదిలోకి వచ్చాయా అన్నది. చప్పుడు మాత్రమే వినిపిస్తూ కాళ్ల దగ్గర కార్పెట్ పొడిగా ఉంటే తూము సమస్యే అయ్యుంటుంది. కార్పెట్ తడిసినా, ప్యాడ్ కింది అంచు నుంచి చుక్కలు పడుతున్నా, స్పీకరు గరగరలాడుతున్నా నీళ్లు గోడ దాటాయనుకోవాలి. మొదటిది బయటి నుంచి బాగవుతుంది. రెండోదానికి ప్యాడ్ విప్పక తప్పదు.

తర్వాత, ఎన్నాళ్లుగా ఇలా ఉందో గుర్తు తెచ్చుకోండి. నిన్నటి వాన నీళ్లయితే తొందరేమీ లేదు. నెలల తరబడి నిలిచిన నీళ్లయితే అడుగు అంచున తుప్పు ఉందేమో చూడాలి. బయటి రేకుని లోపలి రేకు మీదికి మడిచి నొక్కిన చోట, ఆ మడతలో తడి చాలాకాలం దాక్కుంటుంది. రంగు కింద చిన్న బుడిపెలు కనిపిస్తే తుప్పు లోపలి నుంచి బయటికి వస్తోందని అర్థం.

మీ డోరులో ఏముందో కూడా తెలియాలి. కొన్ని కార్లలో పక్క నుంచి గుద్దుకుంటే పసిగట్టే ప్రెషర్ సెన్సార్ డోరు లోపల ఉంటుంది. కొన్నిటిలో ఎయిర్‌బ్యాగే డోరులో ఉంటుంది. అలాంటి డోరుని విప్పడం కార్ల పని అలవాటు లేనివారికి తగదు.

చేసిన పనిని వెనక్కి తీసుకోగలమా అన్నదానికి నేను చాలా బరువిస్తాను. తూములో పుల్ల పెట్టి శుభ్రం చేస్తే పోయేదేమీ లేదు. రేకుకి డ్రిల్లు పెడితే ఆ చిల్లు కారు ఉన్నంతకాలం ఉంటుంది. ఏ పని ఎంత వరకు పోతుందో తెలియనప్పుడు తిరిగి సరిచేసుకోగలిగిన పనితోనే మొదలుపెట్టాలి.

## పావుగంట పరీక్ష

ఏదీ విప్పకముందే ఇది చేయండి. కారుని చదునైన చోట నిలిపి, అద్దం పూర్తిగా పైకెత్తి, డోరు వేయండి. లోపల కాళ్ల దగ్గర, గడప మీద పాత వార్తాపత్రిక పరచండి. అర లీటరు సీసాతో అద్దం అడుగున, రబ్బరు పట్టీ వెంట ఈ చివర నుంచి ఆ చివరకి నెమ్మదిగా నీళ్లు పోయండి. తర్వాత వంగి డోరు అడుగున చూడండి.

కాసేపట్లోనే చుక్కలు మొదలై ధారగా పడితే తూములు పనిచేస్తున్నాయి. ఒక చివర పడుతూ రెండో చివర పడకపోతే సగం పూడినట్టు. ఎక్కడా పడకుండా, డోరు కదిపినప్పుడు చప్పుడు పెరిగితే పూర్తిగా పూడినట్టు. పత్రిక తడిస్తే గోడ షీటు ఎక్కడో విడింది. పత్రిక ఏ మూల ముందు తడిసిందో గుర్తుపెట్టుకుంటే, ప్యాడ్ విప్పినప్పుడు వెతుకులాట తగ్గుతుంది.

ఇంకో అవకాశం కూడా ఉంది. డోరులో చప్పుడు లేదు, పోసిన నీళ్లు అడుగు నుంచి చక్కగా పోతున్నాయి, కానీ కార్పెట్ మాత్రం తడుస్తోంది. అలాంటప్పుడు డోరుని వదిలేయండి. సన్‌రూఫ్ పైపులు, ముందు అద్దం కింద ఆకులు చేరే చోటు, ఏసీ నీళ్లు పోయే గొట్టం, డోరు చుట్టూ ఉండే మందపాటి రబ్బరు, వీటిలో ఒకటి కారణం కావచ్చు.

నిండుకుండ తొణకదన్నట్టు, చప్పుడు పెద్దగా ఉన్నంత మాత్రాన నీళ్లు చాలా ఉన్నాయని కాదు. గ్లాసెడు నీళ్లు కూడా ఖాళీ డోరులో గట్టిగానే వినిపిస్తాయి.

## మొదటి దారి: ఏమీ చేయకుండా వదిలేయడం

ఒక్క సందర్భంలోనే దీన్ని ఒప్పుకుంటాను. కుండపోత వానలో కారు వాలులో నిలిచి ఉంది, నీళ్లు తూము లేని మూలకి చేరాయి, చదునైన చోటికి రాగానే కారిపోయాయి, మళ్లీ చప్పుడు లేదు. అప్పుడు చేయాల్సిందేమీ లేదు.

వాన వెలిసి మూడు రోజులైనా చప్పుడు ఉందంటే మాత్రం ఆరిపోతుందని కూర్చోవద్దు. డోరు లోపల గాలి ఆడదు. ఆరిన కొద్ది తడి కూడా ఆవిరై అద్దాలకి పొగలా పడుతుంది, లాక్, మోటారు కనెక్టర్ల మీద చేరుతుంది. గడ్డకట్టే చలి ఉండే చోట ఇంకో ప్రమాదం ఉంది: నీరు మంచయితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది, అద్దం అడుగు దానిలో ఇరుక్కుంటుంది, స్విచ్ నొక్కితే మోటారు మీద భారం పడుతుంది.

## రెండో దారి: బయటి నుంచి తూములు తెరవడం

తడి గది సమస్య అని తేలిన ప్రతి ఒక్కరూ ఇక్కడే మొదలుపెట్టాలి. ఖర్చు దాదాపు లేదు, ప్రమాదం తక్కువ, చాలామందికి ఇక్కడితోనే పని అయిపోతుంది.

డోరు తెరిచి అడుగు అంచుని కింది నుంచి చూడండి. ఫోన్ టార్చ్ వేసి, వెనక కెమెరాని పైకి తిప్పి వీడియో తీస్తే పడుకోవాల్సిన పని కూడా లేదు. సాధారణంగా రెండు నుంచి నాలుగు తూములు ఉంటాయి. కోలగానో, సన్నటి చీలికలానో ఉంటాయి. కొన్ని కార్లలో అవి అడుగు రబ్బరు పట్టీ వెనక దాక్కుంటాయి, పట్టీని కొంచెం పక్కకి వంచితే కనబడతాయి. దుమ్ము రాకుండా కొన్నిటికి చీలిక ఉన్న రబ్బరు మూత పెడతారు. మట్టి పట్టి ఆ చీలిక అతుక్కుపోయినా నీళ్లు ఆగిపోతాయి. ఎక్కడుందో దొరక్కపోతే ఎదురు వైపు డోరు చూడండి. పూడని తూము అక్కడ కనిపిస్తే, ఇక్కడ దానికి అద్దంలో బొమ్మలా సరిగ్గా అదే చోట ఉంటుంది. నా పెయింటు కింద తూముని నేను అలాగే పట్టుకున్నాను.

ప్రతి రబ్బరు మూతా తూము కాదని గుర్తుంచుకోండి. ఫ్యాక్టరీలో రంగు తొట్టిలో ముంచి తీసినప్పుడు ఆ రంగు కారిపోవడానికి పెట్టిన రంధ్రాలని తర్వాత గట్టి మూతలతో మూసేస్తారు. చీలిక లేని గట్టి మూతని పీకవద్దు.

పని మొదలుపెట్టే ముందు కింద ఒక వెడల్పాటి పళ్లెం పెట్టుకుని పక్కకి జరిగి కూర్చోండి. అడ్డం తొలగగానే నెలల నాటి మురికి నీళ్లు ఒక్కసారిగా వస్తాయి.

| సాధనం | దేనికి బాగుంటుంది | జాగ్రత్త |
|---|---|---|
| ప్లాస్టిక్ కేబుల్ టై | మట్టి, ఆకు ముక్కలు, అతుక్కున్న రబ్బరు చీలిక | నెమ్మదిగా తిప్పుతూ లోపలికీ బయటికీ ఆడించాలి |
| మెత్తటి సన్న బ్రష్ | తూము అంచున పట్టిన జిగట మురికి | వెంట్రుకలు ఊడి లోపల ఉండిపోకూడదు |
| పై నుంచి పోసే నీళ్లు | వదులైన మట్టిని కడిగేయడానికి | కేబుల్ టైతో దారి చేశాకే పోయాలి |
| గాలి గొట్టం | సన్నటి దుమ్ము | తక్కువ ఒత్తిడి చాలు, కళ్లకి రక్షణ అద్దాలు తప్పనిసరి |
| ఇనుప స్క్రూడ్రైవర్, మేకు | దేనికీ వద్దు | గీత పడిన చోటే తుప్పు పుడుతుంది |

నా ఓటు కేబుల్ టైకే. వంగుతుంది, రంగుని గీకదు. గాలి గొట్టం గట్టిగా కొడితే మట్టి బయటికి రాకుండా ఇంకో మూలకి చేరవచ్చు, షీటు జిగురు కూడా ఊడవచ్చు. కార్ వాష్ ప్రెషర్ పైపుని తూములోకి పెట్టి కొట్టడం అంతకంటే చేటు, తడి గది నీళ్లని బలవంతంగా పొడి గదిలోకి నెట్టినట్టవుతుంది. బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌తో మట్టి కరుగుతుందని కొందరంటారు. రేకు మీద తుప్పుని ఆపే జింకు పూతని యాసిడ్ తినేస్తుంది కాబట్టి అది వద్దే వద్దు.

రంగుతోనో సీలెంటుతోనో పూడిన తూముకి కేబుల్ టై సరిపోకపోవచ్చు. అలాంటి చోట చెక్క పుల్ల మొనతో రంగు పొరని గుచ్చి అంచుల వరకు తీయాలి. రేకు బయటపడితే ఆ చోట ప్రైమర్, రంగు చుక్క పెట్టడం మరవద్దు.

దారి తెరుచుకున్నాక అర లీటరు పరీక్ష మళ్లీ చేయండి. వచ్చే నీళ్లు తేటగా అయ్యేదాకా రెండు మూడుసార్లు పోయండి. వారం తర్వాత ఇంకోసారి చూడండి. ఈలోగా మళ్లీ పూడితే లోపల మట్టి చాలా ఉందని అర్థం, అప్పుడు మూడో దారికి వెళ్లాలి.

## మూడో దారి: ప్యాడ్ విప్పి లోపల చూడటం

మూడు రకాలవాళ్లకి ఇది అవసరం: నీళ్లు గోడ దాటినవాళ్లు, తూము మళ్లీ మళ్లీ పూడుతున్నవాళ్లు, కారు వరదలో మునిగినవాళ్లు. మిగతావాళ్లు ఊరికే కుతూహలం కొద్దీ విప్పవద్దు. బాగున్న షీటుని ఒకసారి లాగితే మళ్లీ అంతే గట్టిగా అతుక్కోదు.

ప్యాడ్ కొన్ని స్క్రూలతో, చుట్టూ ప్లాస్టిక్ క్లిప్పులతో ఉంటుంది. స్క్రూలు పిడి లోపల, చిన్న మూతల వెనక దాక్కుంటాయి. క్లిప్పులు విరగడం మామూలే, ముందే నాలుగైదు తెచ్చి పెట్టుకోండి. ఇనుప పనిముట్టు కాకుండా ప్లాస్టిక్ పట్టీతో అంచు లేపితే గీతలు పడవు. ప్యాడ్ ఊడగానే బలంగా లాగవద్దు, వెనక వైర్లూ లాక్ కేబులూ ఉంటాయి. ఫోన్‌తో ఫోటోలు తీస్తూ ఒక్కొక్కటీ విప్పండి.

విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేసి, మాన్యువల్‌లో చెప్పినంత సేపు ఆగాలి. కనెక్టర్లు ఊడి ఉన్నప్పుడు ఇగ్నిషన్ ఆన్ చేస్తే కొన్ని కార్లలో ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి, దాన్ని స్కానర్‌తో తీయించాల్సి వస్తుంది. బ్యాటరీ మళ్లీ తగిలించాక అద్దం ఆటోమేటిక్‌గా పైకి రాకపోతే భయపడవద్దు. చాలా కార్లలో అద్దం పూర్తిగా ఎత్తి స్విచ్‌ని కొన్ని సెకన్లు అలాగే పట్టుకుంటే మళ్లీ నేర్చుకుంటుంది.

షీటుని చూస్తే కథ చాలావరకు అర్థమవుతుంది. ఎక్కడ జిగురు వదిలిందో అక్కడ మట్టి చార ఉంటుంది. ఇంతకుముందు స్పీకర్లు మార్పించినా, అద్దం మోటారు రిపేరు చేయించినా ముందు ఆ చోటే చూడండి. పని తొందరలో షీటుని కోసి, మళ్లీ సరిగ్గా అతికించకపోవడం తరచూ జరుగుతుంది. స్పీకరు చుట్టూ ఉండే ఫోమ్ రింగు లేకపోయినా అక్కడి నుంచే నీళ్లు వస్తాయి.

అతికించడానికి బ్యూటైల్ టేపు వాడండి. నల్లగా, మైనంలా మెత్తగా ఉండి త్వరగా గట్టిపడదు, ఇంకోసారి విప్పాల్సి వచ్చినా వదులుతుంది. చాలామంది సిలికాన్ వాడతారు. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, అది రేకుని తుప్పు పట్టిస్తుంది. ఏ జిగురైనా పాత మురికి తుడిచి, పూర్తిగా ఆరాకే నిలుస్తుంది. షీటు కింది అంచు మాత్రం మొదట ఎలా ఉందో అలాగే ఉండాలి. చాలా డోర్లలో ఆ అంచుని తడి గదిలోకి దోపి పెడతారు, జారిన నీళ్లు మళ్లీ లోపలికే పడేలా. దాన్ని బయటికి వదిలేసి ఎంత జిగురు పూసినా కార్పెట్ తడుస్తూనే ఉంటుంది.

## నాలుగో దారి: బీడింగ్ మార్చడం

అద్దం దించి ఎత్తినప్పుడు నీటి చారలు మిగిలినా, రబ్బరు ఎండి పగిలినా, అద్దానికీ పట్టీకీ మధ్య సందు కనిపించినా మార్చండి. లోపలికి వెళ్లే నీళ్లు తగ్గుతాయి. కానీ తూము పూడి ఉంటే ఆ తగ్గిన నీళ్లు కూడా నిలుస్తాయి. నేను డబ్బు పోగొట్టుకున్నది ఇక్కడే. తూములు తెరిచాక కూడా అవసరమనిపిస్తేనే దీని జోలికి వెళ్లండి. ఆ సందుని సీలెంటుతో మూసేద్దామనే ఆలోచన మాత్రం వద్దు, అద్దం కదలిక దెబ్బతింటుంది.

## ఐదో దారి: కొత్త చిల్లు పెట్టడం

దీనికి నేను ఒప్పుకోను, ఎందుకో వివరంగా చెబుతాను. ఫ్యాక్టరీ తూము చుట్టూ రేకు అంచుకి కూడా ప్రైమర్, రంగు ఉంటాయి. డ్రిల్లు చేసిన చిల్లు అంచు పచ్చి ఇనుము. అదీ సరిగ్గా నీళ్లు కారే చోట. కొన్నాళ్లకే అక్కడ తుప్పు మొదలవుతుంది. డ్రిల్లు పొడి లోపల పడి అదీ తుప్పు పట్టి కొత్తగా ఇంకో తూముని పూడుస్తుంది. అద్దం దించి ఉన్నప్పుడు డ్రిల్లు తగిలితే అద్దం ముక్కలవుతుంది. కొత్త కారయితే తుప్పు వారంటీ మీద వివాదం వస్తుంది.

అన్నిటికంటే ముఖ్యంగా, చిల్లు పెట్టాల్సిన అవసరమే ఉండదు, ఎందుకంటే తూము అక్కడ ముందే ఉంది. ఎదురు వైపు డోరు చూసి కొలిచి వెతికితే దొరుకుతుంది. అంచు తుప్పుతో పూర్తిగా పోయి, డోరు అడుగు రేకునే కోసి కొత్త ముక్క అతికించాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆ టింకరింగ్ పనిలో భాగంగా తూము మళ్లీ చేయిస్తారు. అది వేరే సంగతి.

## ఆరో దారి: మెకానిక్కుకి అప్పగించడం

డోరులో ఎయిర్‌బ్యాగ్ ఉన్నా, కారు వారంటీలో ఉన్నా, వంగి పని చేసే ఓపిక లేకపోయినా ఇదే మంచిది. వెళ్లే ముందు పావుగంట పరీక్ష చేసి, ఫలితం చెప్పండి. డోరులో నీళ్లున్నాయి చూడండి అంటే బీడింగ్ మార్చే అవకాశం ఎక్కువ. ‘వెనక తూము నుంచి నీళ్లు పడటం లేదు, కార్పెట్ పొడిగానే ఉంది’ అంటే మెకానిక్ నేరుగా తూము దగ్గరికి వెళ్తాడు. షీటు విప్పాల్సి వస్తే మళ్లీ బ్యూటైల్‌తో అతికించమని అడగండి.

| దారి | ఎవరికి | కష్టం | వెనక్కి తీసుకోగలమా |
|---|---|---|---|
| వదిలేయడం | చదును చోట నీళ్లు వాటంతటవే పోయినవారికి | లేదు | అవును |
| తూము తెరవడం | చప్పుడు ఉండి కార్పెట్ పొడిగా ఉన్నవారికి | తక్కువ | అవును |
| ప్యాడ్ విప్పడం | కార్పెట్ తడిసినవారికి, తూము మళ్లీ మళ్లీ పూడేవారికి | మధ్యస్థం | చాలావరకు |
| బీడింగ్ మార్చడం | రబ్బరు ఎండి పగిలినవారికి | కారుని బట్టి | అవును |
| కొత్త చిల్లు | ఎవరికీ కాదు | తక్కువే | కాదు |
| మెకానిక్ | ఎయిర్‌బ్యాగ్ డోరు, వారంటీ కారు ఉన్నవారికి | లేదు | పనిని బట్టి |

## కొందరికి ప్రత్యేకంగా

చెట్టు కింద పార్క్ చేసేవాళ్లకి తూములు తొందరగా పూడతాయి. పూత, సన్న ఆకులు, గింజలు అద్దం అడుగున చేరి లోపలికి జారుతాయి. బీడింగ్ మీద పడిన చెత్తని కారు తుడిచేటప్పుడే తీసేయడం, వానలకి ముందొకసారి, మధ్యలో ఒకసారి కేబుల్ టై ఆడించడం సరిపోతుంది.

తుప్పు పట్టకుండా అడుగు కోటింగ్ కొట్టించినవాళ్లు ఆ రోజే తూములు చూసుకోండి. తుప్పు నుంచి కాపాడాలని కొట్టిన కోటింగ్ తూముని మూస్తే నీళ్లు నిలిచి తుప్పుకి దారి అవుతుంది.

వరదలో మునిగిన కారు సంగతి పూర్తిగా వేరు. అప్పుడు నీళ్లు తూముల్లోంచే ఎదురెక్కి లోపలికి వస్తాయి, బురదతో సహా. పవర్ విండో స్విచ్ నొక్కి చూడవద్దు, ఇగ్నిషన్ ఆన్ చేయవద్దు. ఇన్సూరెన్స్‌కి ఫోటోలు తీసి, బ్యాటరీ తీయించి, ప్యాడ్లు విప్పించి మంచినీళ్లతో కడిగించాలి. ఉప్పు నీరైతే ఇంకా తొందరపడాలి. ఎలక్ట్రిక్ కారు మునిగితే సొంతంగా ఏదీ ముట్టుకోవద్దు, దాని పని తెలిసినవారే చూడాలి.

## ఆరబెట్టడం, తుప్పుకి అడ్డం వేయడం

నీళ్లు పోయాక కారుని ఎండలో అద్దాలు దించి ఒక పూట ఉంచండి. ప్యాడ్ విప్పి ఉంటే ఫ్యాన్ గాలి చాలు.

తర్వాత ఏం కొట్టాలన్నదాంట్లో కూడా చాలామంది తడబడతారు. డబ్ల్యూడీ-40 పేరులోని డబ్ల్యూడీకి నీటిని తొలగించడం అనే అర్థం. తడిని తోసేయడానికి అది మంచిదే గానీ పల్చటి పూత కాబట్టి ఎక్కువ కాలం కాపాడదు. ఏళ్ల తరబడి నిలవాలంటే డోరు బోలు భాగాల కోసం తయారైన మైనం స్ప్రే కావాలి. సన్న గొట్టంతో అడుగు మడత వెంట కొడితే సందుల్లోకి పాకి గడ్డకడుతుంది. కొట్టిన వెంటనే, అది ఆరకముందే, తూముల్లో కేబుల్ టై ఆడించండి. రబ్బరు పట్టీలకి మాత్రం సిలికాన్ స్ప్రే వాడండి, పెట్రోలియం నూనెలు తగిలితే రబ్బరు కాలక్రమంలో ఉబ్బి వదులవుతుంది.

బుడిపెలు వచ్చిన చోట పైన రంగు వేసి మూసేయడం వల్ల లాభం లేదు. లోపల తడి ఆరి, తుప్పు గీకి, రస్ట్ కన్వర్టర్ (మిగిలిన తుప్పు పెరగకుండా ఆపే రసాయనం) రాసి, ప్రైమర్ వేశాకే రంగు వేయాలి. నా డోరుకి చివరికి అలాగే చేయించాను. ఈసారి షెడ్ నుంచి కారు తీసుకునేటప్పుడు బిల్లు కట్టక ముందే సీసాతో అర లీటరు నీళ్లు అద్దం అడుగున పోశాను. ముందు చివర నుంచీ వెనక చివర నుంచీ ధార పడ్డాకే డోరు వేశాను.